పడు

తెలుగులో పండు రాలుతుంది, గోడ కూలుతుంది, చెట్టు ఒరుగుతుంది, పైట జారుతుంది. రాలు అంటే అంతదాకా పట్టి ఉంచిన తొడిమ వదిలేసిందని. కూలు అంటే కట్టినదేదో విడిపోయిందని. ఒక్కో మాటలో ఆ వస్తువు వెనకటి కథ కొంత ఉంటుంది. ‘పడు’లో ఏ కథా లేదు. ఎక్కణ్ణుంచి, ఎందుకు, ఎవరి వల్ల అన్నది అది చెప్పదు. నడక నేర్చే పిల్లలకి మనం మొదట చెప్పే జాగ్రత్త దీంతోనే: ‘పడతావు’. అంత చిన్నప్పుడే వచ్చిన మాట కాబట్టే కాబోలు, భౌతికశాస్త్రం పాఠంలో దాన్ని వాడటానికి మనకు చెయ్యి రాదు. అక్కడ ‘స్వేచ్ఛా పతనం’ అంటాం. గురుత్వం గురించి చెప్పవలసిన ముఖ్యమైన సంగతి ‘పతనం’లో కంటే ‘పడు’లోనే ఎక్కువ ఉందని నా నమ్మకం.

పడు ద్రావిడ ధాతువు. తమిళానికీ కన్నడానికీ మనకూ ఉమ్మడి ఆస్తి. ఒళ్ళు వాల్చే చోటు పడక. పొద్దు పడే దిక్కు పడమర, కన్నడంలో పడువణ. (పడవ, పడిశం చూడటానికి ఇలాగే ఉంటాయి గానీ ఈ ఇంటివి కావు. పడవది వేరే ధాతువు, పడిశం సంస్కృత ప్రతిశ్యాయం నుంచి వచ్చింది.) సంస్కృతంలోని ‘పత్’ ధాతువుతో దీనికి చుట్టరికం లేదు. ధ్వని కలిసింది, అర్థం కలిసింది, పుట్టుక మాత్రం వేరు. ఆ పత్ కూడా తక్కువది కాదు. దానికి ఎగరడం, పడటం రెండూ అర్థాలే. పక్షి పతంగం, పతత్రి, రెక్క పత్రం. గ్రీకులో రెక్కకు ఉన్న మాట కూడా ఆ కుదురుదే. పాణినీయ ధాతుపాఠం దాని అర్థం ‘గతి’ అని మాత్రమే చెప్పి ఊరుకుంది. పైకో కిందికో చెప్పలేదు. అంత విశాలమైన ధాతువు నుంచి వచ్చిన ‘పతనం’ తెలుగులోకి వచ్చాక ఇరుకైపోయింది. రాజ్యాల పతనం, విలువల పతనం, పతితుడు. పదో తరగతి పిల్లవాడికి ఆ మాటలో రాయి కంటే ముందు పాపం వినిపిస్తుంది.

పడుకి ఆ మచ్చ లేదు. దాని సమాసాలు చూడండి. కష్టపడు, భయపడు, ఇష్టపడు, సిగ్గుపడు. ఇక్కడ ఎవరూ నేలమీద పడటం లేదు, ఒక స్థితికి లోనవుతున్నారు. కనపడు, వినపడు కూడా అంతే. ఇంకో వరస ఉంది: ఎదురుపడు, వెంటపడు, వెనకబడు, బయటపడు. ఎగబడు కూడా. ఎగ అంటే పైకి. ‘పైకి పడటం’ అనే మాటను తెలుగువాళ్ళు ఏ ఇబ్బందీ లేకుండా పుట్టించుకున్నారు. అంటే ‘కింద’ అనేది పడులో పుట్టుకతో లేదు, దిక్కును ముందున్న మాట ఇస్తుంది. ఇక వ్యాకరణంలో కర్మణి ప్రయోగం ఉంది. చెప్పబడింది, లాగబడింది. వాడుక తెలుగుకి ఇది సరిపడదని రచయితలు తప్పిస్తారు, సబబే. కానీ ఆ నిర్మాణం చెప్పే విషయం చిన్నది కాదు. ఒక చర్యకు లోను కావడమూ పడటమూ తెలుగులో ఒకే క్రియ.

భౌతికశాస్త్రంలో కూడా పడటానికి నిర్వచనం అదే. గురుత్వానికి తప్ప మరే బలానికీ లోను కాకుండా కదిలే వస్తువు ‘పడుతున్న’ వస్తువు. అది నేలకు తగలనక్కర్లేదు, నేల వైపు ప్రయాణించనక్కర్లేదు. పైకి విసిరిన రాయి, గాలి నిరోధం లెక్కలోంచి తీసేస్తే, చెయ్యి వదిలిన క్షణం నుంచీ పడుతూనే ఉంటుంది, ఇంకా పైకి వెళ్తున్నప్పుడు కూడా. పిల్లలు ఒప్పుకోవడానికి మొరాయించే మాట ఇది.

మొరాయించడం సహజమే, పూర్వులకూ అలా తోచలేదు. కణాదుడి వైశేషికంలో బాణం సంగతి ఉంది. వింటినారి నెట్టడం వల్ల బాణానికి మొదటి కదలిక వస్తుంది. ఆ కదలిక బాణంలో ‘వేగం’ అనే సంస్కారాన్ని పుట్టిస్తుంది, తర్వాతి కదలికలన్నీ దాని వల్ల. ఆ సంస్కారం అయిపోయాక గురుత్వం వల్ల బాణం పడుతుంది. చక్కటి విశ్లేషణ. గురుత్వం, వేగం, స్థితిస్థాపకం, ఈ మూడూ వైశేషికుల పట్టికలో ఉన్న మాటలే, ఇవాళ మన పాఠ్యపుస్తకాల్లోనూ ఉన్నాయి. అయితే ఆ చిత్రంలో ఎగరడం ముందు, పడటం తర్వాత. 1638లో అచ్చయిన పుస్తకంలో గెలీలియో ఈ రెంటినీ ఒకే కాలంలోకి తెచ్చాడు. ముందుకు పోవడం ఆగదు, పడటం మొదటి క్షణం నుంచే ఉంటుంది. రెండూ కలిస్తే పరావలయం.

ఆ దారినే న్యూటన్ కొండ మీదికి ఎక్కించాడు. ఆయన పోయిన మరుసటి ఏడాది, 1728లో, వెలువడిన పుస్తకంలో ఒక బొమ్మ ఉంది. ఎత్తైన కొండ కొమ్ము నుంచి అడ్డంగా విసిరిన వస్తువులు. వేగం పెంచినకొద్దీ దూరదూరంగా పడతాయి, చివరికి ఒకటి భూమిని చుట్టి వస్తుంది. లెక్క తేలికే. భూమి దగ్గర ఏ వస్తువైనా మొదటి సెకనులో 4.9 మీటర్లు పడుతుంది. భూమి గుండ్రం కాబట్టి, 7.9 కిలోమీటర్లు తిన్నగా ముందుకు పోతే నేల కూడా అంతే, 4.9 మీటర్లు, కిందికి వంగి ఉంటుంది. కనుక గాలి అడ్డు లేకుండా సెకనుకు 7.9 కిలోమీటర్ల వేగంతో పోయే వస్తువు పడుతుంది, నేల కూడా అంతే తగ్గుతుంది, మధ్య దూరం మారదు.

చంద్రుడు భూమి కేంద్రం నుంచి సుమారు 60 భూవ్యాసార్ధాల దూరంలో ఉన్నాడు. అక్కడ ఆకర్షణ 60 వర్గం వంతు, అంటే 3,600వ వంతు. సెకనుకు ఒక కిలోమీటరు పైచిలుకు పక్కకు పోతూ మన వైపు 1.4 మిల్లీమీటర్ల కన్నా కాస్త తక్కువే పడతాడు. పడే దూరం కాలం వర్గాన్నిబట్టి పెరుగుతుంది కనుక నిమిషం ఆగితే 4.9 మీటర్లు. తోటలో పండు సెకనులో పడినంత దూరం చంద్రుడు నిమిషంలో పడతాడు. ఈ లెక్క కుదరడమే 1687 నాటి ‘ప్రిన్సిపియా’లో ఆకాశానికీ నేలకూ ఒకే సూత్రం అనడానికి ఆధారం. పండుకు తెలుగులో ‘రాలింది’ అనే అంటాం, కానీ చంద్రుడికి ఆ మాట చెల్లదు, ఆయన్ని ఏ తొడిమా వదిలెయ్యలేదు. ‘పడు’ చెల్లుతుంది. అదీ వర్తమానంలోనే. చంద్రుడు పడుతున్నాడు అనవచ్చు గానీ పడ్డాడు అనడానికి లేదు.

గుండ్రటి దారి గురించి ఇక్కడ ఒక మాట. జొన్నచేలో మంచె మీద నిలబడి పిట్టలను తోలేవాళ్ళ చేతి ఒడిసెల చూసినవాళ్ళకు ఇది కొత్త కాదు. తాడు తిరుగుతున్నంతసేపూ చెయ్యి రాయిని లోపలికే లాగుతుంది. బయటికి నెట్టేవాడు అక్కడ ఎవడూ లేడు. ఒక కొస వదలగానే రాయి వృత్తానికి అడ్డంగా బయటికి పోదు, ఆ క్షణంలో ఎటు పోతోందో అటే స్పర్శరేఖ మీద నేరుగా పోతుంది. పిట్ట కేసి గురిపెట్టేవాడి చేతికి ఈ సంగతి తెలుసు, వదిలే క్షణాన్ని ఎంచుకునేది దాన్నిబట్టే. ఘాట్ రోడ్డు మలుపులో బస్సు తిరిగితే ‘పక్కకి పడ్డాం’ అంటాం. పాఠ్యపుస్తకం దాన్ని అపకేంద్ర బలం అంటుంది. బస్సుతో పాటు తిరుగుతూ లెక్క వేసేవాళ్ళకు ఆ బలం కావాలి. రోడ్డు మీద నిలబడి చూసేవాళ్ళకు అక్కర్లేదు, వాళ్ళకి మనం నేరుగానే పోతున్నాం, తిరిగింది బస్సు. ‘పడ్డాం’ అన్న మాట ఎవరు తోశారో చెప్పదు కాబట్టి రెండు వైపులా నిలుస్తుంది.

ఈ లెక్కలు శ్రీహరికోటలో ప్రాణం పోసుకున్నాయి. 1979 ఆగస్టు 10న మొదటి ఎస్.ఎల్.వి.-3 రాకెట్టు రెండో దశ నియంత్రణ దెబ్బతిని బంగాళాఖాతంలో పడింది. ఏడాది తిరక్కుండా 1980 జూలై 18న రెండోది 35 కిలోల రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. ఒకటి పడింది, ఒకటి నిలిచింది అని మనం చెప్పుకుంటాం. నిజానికి పడటంలో రెంటికీ తేడా లేదు. పక్కవేగం చాలనిది సముద్రాన్ని తాకింది, చాలినది భూమి చుట్టూ పడుతూ పోయింది.

అంతరిక్ష కేంద్రంలో వ్యోమగాములు ‘తేలుతున్నారు’ అని, అక్కడ ‘గురుత్వాకర్షణ ఉండదు’ అని పత్రికలు రాస్తాయి. రెండో మాట పొరపాటు. సుమారు 400 కిలోమీటర్ల ఎత్తులో ఆకర్షణ నేలమీద ఉన్నదానిలో దాదాపు 90 శాతం ఉంటుంది. మొదటి మాట పొరపాటును మరింత పెంచుతుంది. తేలాలంటే కింద నీళ్ళుండాలి, అవి పైకి మొయ్యాలి. అక్కడ మోసేది ఏదీ లేదు. కేంద్రమూ, మనుషులూ, చేతిలోంచి వదిలిన చెంచా కూడా సెకనుకు 4.3 మీటర్ల చొప్పున కలిసికట్టుగా పడుతున్నారు. అందుకే ఎవరికీ బరువు తెలియదు. మనకు బరువుగా తెలిసేది భూమి లాగడం కాదు, నేల మన పాదాలను పైకి నెట్టడం. నిలబడు అన్న మాటను విడదీస్తే నిలువు, పడు. నిలుచోవడంలో కూడా తెలుగు పడును వదల్లేదు. దాన్ని ‘నిలుపుకు లోను కావడం’ అని చదువుకుంటే నేల చేసే పని అదే. 1907లో బెర్న్ పేటెంటు ఆఫీసులో కూర్చున్న ఐన్‌స్టయిన్‌కు తట్టింది కూడా ఇదే: పడుతున్న మనిషికి తన బరువు తెలియదు. సామాన్య సాపేక్షత అక్కణ్ణుంచి మొదలైంది. పత్రికలవాళ్ళు ‘వ్యోమగాములు పడుతున్నారు’ అని రాస్తే పాఠకులు ఉలిక్కిపడతారు, నిజమే. ఆ ఉలికిపాటు లోంచే ప్రశ్న పుడుతుంది. ‘తేలుతున్నారు’ అంటే ప్రశ్నే పుట్టదు.

మరి లాగేది ఎవరు, లాగబడేది ఎవరు? న్యూటన్ మూడో నియమం ఆ భేదాన్ని ఉంచలేదు. భూమి చంద్రుణ్ణి ఎంత బలంతో లాగుతుందో చంద్రుడూ భూమిని అంతే లాగుతాడు. ఇద్దరి ఉమ్మడి కేంద్రం భూమి నడిబొడ్డున లేదు, అక్కడి నుంచి సుమారు 4,700 కిలోమీటర్ల అవతల ఉంది. దాని చుట్టూ చంద్రుడు సెకనుకు కిలోమీటరు వేగంతో తిరుగుతుంటే, 81 రెట్లు బరువైన భూమి సెకనుకు సుమారు 12 మీటర్ల చొప్పున తిరుగుతుంది. ద్రవ్యవేగాలు సమానం, దిశలు ఎదురెదురు. కర్మణి ప్రయోగానికి ‘చేత’ కావాలి. ఒట్టి ‘పడు’కి అక్కర్లేదు. ఇద్దరూ ఒకరివైపు ఒకరు పడుతున్నారు.

1150లో సిద్ధాంత శిరోమణి రాసిన భాస్కరాచార్యుడు భూమి బరువైన వస్తువులను తన వైపు లాక్కుంటుందని, అవి పడుతున్నట్టు కనిపిస్తాయని అన్నాడు. చుట్టూ ఆకాశం ఒకేలా ఉంటే భూమి మాత్రం ఎటు పడుతుందని అడిగాడు. భూమి నిరంతరం కిందికి పోతోందన్న బౌద్ధులను ఖండిస్తూ ఆయన చూపిన సాక్ష్యం చూడండి: పైకి విసిరిన వస్తువు తిరిగి భూమిని చేరుతోంది కదా, భూమే పడిపోతుంటే అది అందుకోగలదా? చాలా మంచి ప్రశ్న. భూమి తన మీదివాటితో పాటే పడుతుందని అనుకుంటే తప్ప దానికి జవాబు లేదు, ఆ జవాబుకి గెలీలియో దాకా ఆగాల్సి వచ్చింది. భూమి సూర్యుడి చుట్టూ సెకనుకు సుమారు 30 కిలోమీటర్లు పోతూ, ఆ సెకనులోనే సూర్యుడి వైపు 3 మిల్లీమీటర్లు పడుతోంది. విసిరిన వస్తువూ, విసిరిన చెయ్యీ అంతే పడుతున్నాయి కనుక రాయి నేలను చేరుకోవడానికి ఏ అడ్డూ లేదు.