కంప్యూటర్ జ్ఞాపకంలో తప్పులు – దిద్దుబాటు కథ



2003వ సంవత్సరం మే నెల 18వ తేదీన బెల్జియం దేశంలో ఎన్నికలు జరిగాయి. రాజధాని బ్రస్సెల్స్‌ను ఆనుకుని ఉన్న స్కార్‌బేక్ అనే చోట ఓట్లను కంప్యూటర్లు లెక్కపెట్టాయి. అక్కడ ఒక అభ్యర్థికి వచ్చినట్టు యంత్రం చెప్పిన ఓట్లు, నిజానికి ఆమెకు రావడానికి వీలున్న ఓట్లకన్నా ఎక్కువగా ఉన్నాయి. అధికారులకు అనుమానం వచ్చింది. ఓటర్లు వాడిన అయస్కాంత కార్డులను మళ్ళీ లెక్కపెట్టించారు. మొదటి లెక్కలో సరిగ్గా 4096 ఓట్లు అదనంగా పడినట్టు తేలింది. ప్రోగ్రామును ఎంత పరీక్షించినా అందులో లోపం కనిపించలేదు.

4096 అనే సంఖ్యను గమనించండి. పన్నెండు రెళ్ళను వరసగా గుణిస్తే వచ్చే సంఖ్య అది. కంప్యూటర్ అంకెలన్నిటినీ 0, 1 అనే రెండు గుర్తులతోనే రాసుకుంటుంది. ఆ గుర్తును బిట్ అంటారు. అలా రాసిన సంఖ్యలో కుడినుంచి 13వ స్థానంలో ఉన్న 0 తనంతట తానే 1గా మారితే ఆ సంఖ్య 4096 పెరుగుతుంది. జరిగింది అదేనని నిపుణులు అంచనాకు వచ్చారు. ఎవరూ మోసం చేయలేదు. జ్ఞాపకంలో ఒక్క చుక్క చెదిరింది, అంతే. ఆ సంఖ్య అసాధ్యంగా కనిపించబట్టి దొరికిపోయింది. అదే 4 ఓట్లో, 16 ఓట్లో పెరిగి ఉంటే ఎవరికైనా అనుమానం వచ్చేదా?

బ్యాంకులో మన ఖాతా, రైలు టిక్కెట్టు, ఆసుపత్రిలో మన రక్తపరీక్ష ఫలితం, అన్నీ ఇవాళ ఇలాంటి బిట్ల రూపంలోనే ఉన్నాయి. ఆ బిట్లు చెదిరినప్పుడు యంత్రం ఎలా కనిపెడుతుంది? కనిపెట్టాక ఏం చేస్తుంది? ఈ విద్యను మనిషి ఎలా నేర్చాడు? ఈనాటి ప్రసంగంలో ఈ సంగతులు ముచ్చటించుకుందాం.

ముందుగా మన ఊరి లెక్కల పుస్తకం ఒకటి తలుచుకోండి. కరణం అనండి, కన్నడసీమలో శానుభోగు అనండి, తమిళనాట కణక్కుపిళ్ళై అనండి, మరాఠా దేశంలో కులకర్ణి అనండి, ఊరి లెక్క రాసేది అతనే. అంకెలు వరసల్లో రాసి, అడ్డంగా ఒక మొత్తం, నిలువుగా ఒక మొత్తం వేశారనుకోండి. ఒక అడ్డు మొత్తం, ఒక నిలువు మొత్తం కుదరకపోతే, ఆ రెండూ కలిసే గడిలోనే తప్పు ఉందని వెంటనే తెలిసిపోతుంది. ఎంత తేడా వచ్చిందో చూసి ఆ గడిని దిద్దవచ్చు. తప్పు ఉందని తెలియడం ఒక ఎత్తు, ఎక్కడ ఉందో తెలియడం మరొక ఎత్తు. కంప్యూటర్ల చరిత్రలో ఈ రెండో మెట్టు ఎక్కించినవాడు రిచర్డ్ హామింగ్ అనే అమెరికన్ గణితశాస్త్రవేత్త.

హామింగ్ 1940ల చివరి సంవత్సరాల్లో బెల్ ప్రయోగశాలలో పనిచేసేవాడు. అక్కడ రిలేలతో, అంటే టకటకమని కొట్టుకునే విద్యుత్ మీటలతో నడిచే పెద్ద గణనయంత్రం ఉండేది. దాన్ని వాడుకునే అవకాశం హామింగ్‌కు శని, ఆదివారాల్లోనే దొరికేది. ఆ రోజుల్లో కాపలాకు మనుషులుండరు. యంత్రానికి తప్పు దొరికితే, ఆ పనిని అక్కడే వదిలేసి తరువాతి పని అందుకునేది. వరసగా రెండు వారాలు సోమవారం ఉదయం హామింగ్ వచ్చి చూస్తే తన పని జరగలేదు. అతనికి చిర్రెత్తుకొచ్చింది. తప్పు జరిగిందని గుర్తుపట్టగల యంత్రం, ఆ తప్పు ఏ స్థానంలో ఉందో కనిపెట్టి తానే దిద్దుకోలేదా అన్న ప్రశ్న అప్పుడు పుట్టింది. దానికి సమాధానాన్ని 1950లో ప్రచురించాడు. ఇప్పటికీ దాన్ని హామింగ్ కోడ్ అనే పిలుస్తారు.

దాని కిటుకు చాలా సులువు. మీరు కాగితం మీద రాసి చూసుకోవచ్చు. ఏడు స్థానాలు గీయండి. 3, 5, 6, 7 స్థానాల్లో అసలు సమాచారం ఉంటుంది. 1, 2, 4 స్థానాల్లో కాపలా బిట్లు ఉంటాయి. మొదటి కాపలాదారు 1, 3, 5, 7 స్థానాలను చూస్తాడు. రెండవ స్థానంలోనివాడు 2, 3, 6, 7 స్థానాలను చూస్తాడు. నాలుగవ స్థానంలోనివాడు 4, 5, 6, 7 స్థానాలను చూస్తాడు. తన వంతులో ఉన్న 1ల సంఖ్య ఎప్పుడూ సరిసంఖ్యగా ఉండేలా ప్రతివాడూ తన బిట్‌ను అమర్చుకుంటాడు. ఇప్పుడు 5వ స్థానంలోని బిట్ చెదిరిందనుకోండి. 1వ కాపలాదారు, 4వ కాపలాదారు లెక్క కుదరలేదంటారు. 2వ వాడు మాత్రం అంతా బాగుందంటాడు. ఫిర్యాదు చేసిన వారి స్థానాలను కూడండి. 1, 4 కలిపితే 5. తప్పు ఉన్న చోటు అదే. 0 ఉంటే 1 చేయాలి, 1 ఉంటే 0 చేయాలి. ఈ సూత్రాన్నే పెంచి, నేటి పెద్ద కంప్యూటర్లలో 64 బిట్లకు 8 కాపలా బిట్లు చేరుస్తారు. దానితో ఒక తప్పును దిద్దవచ్చు. రెండు తప్పులు ఒకేసారి వస్తే దిద్దలేకపోయినా, తప్పు జరిగిందని మాత్రం తెలుస్తుంది. ఈ మాటను గుర్తుంచుకోండి. మన కథలో అసలు చిక్కు అక్కడే వస్తుంది.

ఇంతకీ బిట్లు ఎందుకు చెదురుతాయి? నేటి జ్ఞాపకపు చిప్పుల్లో ఒక్కొక్క బిట్ ఒక్కొక్క చిటికెడు విద్యుదావేశం. అది చిల్లుకుండలో నీరులాంటిది, కారిపోతూనే ఉంటుంది. అందుకని సెకనులో ఎన్నోసార్లు దాన్ని నింపుతూ ఉండాలి. 1978లో ఇంటెల్ సంస్థకు చెందిన తిమోతి మే, మరొక పరిశోధకుడు కలిసి ఒక వింత బయటపెట్టారు. చిప్పును భద్రపరిచే పింగాణీ కవచంలో అతి స్వల్పంగా యురేనియం, థోరియం ఉన్నాయనీ, వాటినుంచి వెలువడే ఆల్ఫా కణాలు తగిలి బిట్లు తారుమారవుతున్నాయనీ చెప్పారు. కాపాడవలసిన కవచమే దెబ్బతీసిందన్నమాట. మరుసటి సంవత్సరం, 1979లో, ఐబీఎం శాస్త్రజ్ఞుడు జేమ్స్ జీగ్లర్, యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన విలియం లాన్‌ఫర్డ్ కలిసి, అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాలు కూడా ఈ పని చేయగలవని రాశారు. తరువాత ఐబీఎం వారు పదివేల అడుగులకు పైన ఉన్న లెడ్‌విల్ అనే కొండ ఊరిలో చిప్పులను పరీక్షిస్తే తప్పులు బాగా పెరిగాయి. భూగర్భంలో పెట్టి చూస్తే దాదాపు మాయమయ్యాయి.

భూగర్భం కాస్మిక్ కిరణాలను ఆపుతుందన్న సంగతి మనలో కోలారు ప్రాంతం వారికి కొత్త కాదు. కోలారు బంగారు గనుల్లో, నేలకు 2 కిలోమీటర్లకు పైగా లోతున, టాటా పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు జపాన్, ఇంగ్లండ్ దేశాల వారితో కలిసి ప్రయోగాలు జరిపారు. పైనున్న రాతి కప్పు కాస్మిక్ కిరణాలను వడగట్టడం వల్లనే 1965లో వారు వాతావరణంలో పుట్టే న్యూట్రినోల జాడ పట్టగలిగారు. 2001లో ఆ గనులు మూతపడ్డాయి. మన తెలుగువారెందరో తరతరాలుగా బతికిన ఆ గడ్డమీద జరిగిన విజ్ఞానం అది.

తప్పు పట్టే బిట్లు దండగ అనుకున్నవారూ లేకపోలేదు. వేగానికి పేరుపొందిన సీమూర్ క్రే, క్రే-1 అనే మహాయంత్రాన్ని తయారుచేసి 1976లో లాస్ అలమోస్ ప్రయోగశాలకు పంపాడు. ఆ మొదటి యంత్రంలో తప్పు దిద్దే ఏర్పాటు లేదు, తప్పు పట్టే ఏర్పాటు మాత్రమే ఉంది. ఆరు నెలల పరీక్షలో జ్ఞాపకంలో 152 తప్పులు నమోదయ్యాయి. ఆ తరువాతి క్రే-1 యంత్రాల్లో దిద్దుబాటు బిట్లు చేర్చారు.

ఇక అసలు చిక్కు దగ్గరకు వద్దాం. చిప్పు ఒక తప్పును తానే దిద్దుకుంటే గొడవ లేదు. దిద్దలేని తప్పు వస్తే ఎవరికి చెప్పాలి? కంప్యూటర్లో అన్ని పనులనూ పర్యవేక్షించే ప్రోగ్రాముల కట్టను ఆపరేటింగ్ సిస్టం అంటారు. దాని నడిబొడ్డున ఉండే భాగం కెర్నెల్. కెర్నెల్ అంటే గింజలోని పప్పు అని అర్థం. దిద్దలేని తప్పు వచ్చిందన్న కబురు దానికే చేరుతుంది.

1964లో ఐబీఎం ప్రకటించిన సిస్టం 360 యంత్రాల్లో ఇందుకోసం ఒక ప్రత్యేకమైన పిలుపును ఏర్పాటు చేశారు. దాన్ని మెషీన్ చెక్ అన్నారు. 1970లో ప్రకటించిన సిస్టం 370 యంత్రాల్లో తప్పుదిద్దే జ్ఞాపకమూ, విఫలమైన ఆదేశాన్ని మళ్ళీ ఒకసారి నడిపి చూసే ఏర్పాటూ వచ్చాయి. దెబ్బతిన్నది ఒకరి పనైతే, ఆ ఒక్క పనినే ఆపి మిగతావారి పనులు కొనసాగించాలన్న ఆలోచన ఈ పెద్ద యంత్రాల మీదనే పెరిగింది.

చిన్న యంత్రాలకు ఆ భాగ్యం చాలాకాలం దక్కలేదు. 1981లో వచ్చిన ఐబీఎం పర్సనల్ కంప్యూటర్లో ఎనిమిది బిట్లకు ఒక కాపలా బిట్ ఉండేది. లెక్క కుదరకపోతే తెరమీద పారిటీ చెక్ అన్న మాట వచ్చి యంత్రం ఆగిపోయేది. దాచుకోని పని అంతా పోయినట్టే. చాలామంది దీన్ని యంత్రం మొండితనం అనుకున్నారు. కాని ఆలోచించండి. తప్పు లెక్కతో ముందుకు సాగడం కన్నా ఆగిపోవడమే నయం కదా! ఆగితే మనకు తెలుస్తుంది. తప్పుతో సాగితే ఆ తప్పు డిస్కుమీదికి పోయి, అక్కడినుంచి ఖాతాల్లోకి పోయి, చివరకు అసలేది నకిలీయేదో తెలియకుండా పోతుంది. 1990ల మధ్యనుంచి ఇళ్ళలో వాడే కంప్యూటర్లలో చాలావాటికి, ధర తగ్గించడానికి, ఆ ఒక్క కాపలా బిట్‌ను కూడా తీసేశారు.

అయితే ఒకే యంత్రం మీద వందలమంది పనిచేసే చోట, ఒక్క చెడు బిట్ కోసం మొత్తం ఆపడం కుదరదు. జ్ఞాపకం పెరిగేకొద్దీ తప్పులూ పెరుగుతాయి. అందుకే 2005లో విడుదలైన సొలారిస్ 10లో, తరచు తప్పులు చూపే జ్ఞాపకపు పుటలను ముందుగానే పక్కకు తప్పించే ఏర్పాటు పెట్టారు. 2009 డిసెంబరులో విడుదలైన లైనక్స్ 2.6.32 కెర్నెల్లో, దిద్దలేని తప్పు వచ్చిన పుటకు విషపు గుర్తు వేసే పద్ధతి చేరింది. ఆండీ క్లీన్, ఫెంగ్వాంగ్ వూ అనే ఇద్దరు ఇంజనీర్లు దాన్ని రాశారు.

పుట అన్న మాట నేను అలంకారానికి వాడడం లేదు. కెర్నెల్ జ్ఞాపకాన్ని నిజంగానే పుటలుగా విభజిస్తుంది. సాధారణంగా ఒక్కో పుటలో 4096 అక్షరాలంత చోటు ఉంటుంది. జ్ఞాపకమంతటినీ ఒక యంత్రభాగం రాత్రి గస్తీ తిరిగే తలారిలా నిదానంగా చదువుతూ పోతుంది. ఎక్కడైనా దిద్దలేని తప్పు కనిపిస్తే కెర్నెల్‌కు కబురు పెడుతుంది. అప్పుడు కెర్నెల్ వేసే మొదటి ప్రశ్న: ఈ పుటలో ఉన్నది ఏమిటి?

అది ఖాళీ పుట అయితే బెంగ లేదు. చౌడు పట్టిన మడిని విత్తకుండా వదిలేసినట్టు, దాన్ని ఎవరికీ ఇవ్వకుండా పక్కన పెడుతుంది. ఆ పుటలో ఉన్నది డిస్కుమీది ఫైలుకు నకలు అయి, అందులో మార్పులేవీ జరగకపోతే, చెడిన నకలును పారేస్తుంది. కావలసినప్పుడు అసలునుంచి కొత్త నకలు మరొక పుటలోకి తెచ్చుకుంటుంది. వాడేవారికి ఏమీ జరిగినట్టే తెలియదు. అందులో కొత్తగా రాసి, ఇంకా డిస్కుకు ఎక్కించని మార్పులు ఉంటే, అవి పోయినట్టే. కెర్నెల్ ఆ మాట దాచదు. ఆ ఫైలును వాడే ప్రోగ్రాముకు పొరపాటు జరిగిందని తెలియజేస్తుంది. ఒక ప్రోగ్రాము సొంత లెక్కలు ఆ పుటలో ఉంటే, ఆ ప్రోగ్రాముకు హెచ్చరిక పంపుతుంది. తెలివిగా రాసిన డేటాబేసు ప్రోగ్రాము అయితే, ఆ భాగాన్ని మళ్ళీ డిస్కునుంచి చదివి కోలుకుంటుంది. అలా చేతకాని ప్రోగ్రామును కెర్నెల్ ముగించేస్తుంది. పక్కవారి పని ఆగదు.

చివరిది, అన్నిటికన్నా కష్టమైనది. చెడిన పుటలో ఉన్నది కెర్నెల్ సొంత పట్టికలే అయితే? ఏ పుట ఎవరిదో చెప్పే పట్టికే చెడితే, ఇక దేన్ని నమ్మి దిద్దాలి? అప్పుడు చాలా సందర్భాల్లో కెర్నెల్ చేయగలిగింది ఒక్కటే, పని ఆపివేయడం. అందుకే కొన్ని పెద్ద యంత్రాల్లో కెర్నెల్ వాడుకునే జ్ఞాపకాన్ని మాత్రం రెండు ప్రతులుగా ఉంచే ఏర్పాటు చేస్తున్నారు.

2009లోనే టొరంటో విశ్వవిద్యాలయం, గూగుల్ సంస్థ పరిశోధకులు కలిసి వేలాది యంత్రాలను రెండున్నరేళ్ళు గమనించి ఒక నివేదిక ప్రచురించారు. ఏడాదిలో సుమారు మూడోవంతు యంత్రాల్లో కనీసం ఒక దిద్దదగిన తప్పయినా కనిపించింది. ఒకసారి తప్పు చూపిన చిప్పుల పలక మళ్ళీ తప్పు చూపే అవకాశం ఎక్కువని కూడా తేలింది. అంటే నింగినుంచి వచ్చి తగిలే దెబ్బలకన్నా, చిప్పులో ముదిరిన జబ్బే ఎక్కువన్నమాట. చిన్న తప్పులు పదేపదే చూపే పుటలోని సమాచారాన్ని, అది ఇంకా బాగుండగానే వేరే పుటకు మార్చడం ఎంత తెలివైన పనో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇదే పనిని మనుషులు చేతితో చేసిన సందర్భం ఒకటి చెప్పి ముగిస్తాను. 1977లో బయలుదేరిన వాయేజర్ 1 నౌక 2023 నవంబరులో అర్థంలేని సంకేతాలు పంపడం మొదలుపెట్టింది. దాని జ్ఞాపకంలోని ఒక చిప్పు చెడిందని అమెరికా ఇంజనీర్లు కనిపెట్టారు. అప్పటికి నౌక సుమారు 2400 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉండేది. ఒక మాట చేరడానికి 22 గంటలకు పైగా పట్టేది. చిప్పు మార్చేవారు లేరు. చెడిన చోట ఉన్న ప్రోగ్రామును ముక్కలు చేసి, జ్ఞాపకంలో మిగిలిన ఖాళీల్లో సర్దారు. 2024 ఏప్రిల్ 20న నౌకనుంచి అర్థమయ్యే కబురు వచ్చింది.

శ్రోతలారా, ఇంతటి చరిత్రలోనూ తప్పే జరగని యంత్రాన్ని ఎవరూ తయారుచేయలేదు. తప్పు జరుగుతుందని ముందే ఒప్పుకుని, దానికి చోటు కేటాయించినవారే గెలిచారు. మీ ఇంటి కంప్యూటర్ కారణం లేకుండా పదేపదే ఆగిపోతుంటే, జ్ఞాపకాన్ని ఒకసారి పరీక్ష చేయించండి. ముఖ్యమైన కాగితాలకు మరొక చోట నకలు ఉంచుకోండి. చెడిన పుటకు అసలు ఎక్కడో ఉన్నప్పుడే కెర్నెల్ అయినా, కరణమైనా దిద్దగలిగేది.