మదర్‌బోర్డుతో వచ్చే సాఫ్ట్‌వేర్లు: ఏది ఉంచాలి, ఏది తీసేయాలి?

పిల్లల చదువుల కోసం నూజెండ్ల లాంటి మండలాల్లో కూడా చాలా ఇళ్లకు అసెంబుల్డ్ కంప్యూటర్లు వచ్చాయి. విండోస్ వేయగానే మదర్‌బోర్డు కంపెనీ సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేయమంటూ ఒక బాక్సు కనిపిస్తుంది. ఓకే నొక్కే ముందు అదేమిటో తెలుసుకోండి.

ఏ కంపెనీది ఏది?
ఆసుస్‌ది ఆర్మరీ క్రేట్ (పాత బోర్డుల్లో ఏఐ సూట్). గిగాబైట్‌ది కంట్రోల్ సెంటర్ (పాతది యాప్ సెంటర్). ఎంఎస్ఐది ఎంఎస్ఐ సెంటర్ (పాతది డ్రాగన్ సెంటర్). ఏఎస్‌రాక్‌ది ఏ-ట్యూనింగ్. డ్రైవర్ల అప్‌డేట్, ఫ్యాన్ వేగం, లైట్లు, ఓవర్‌క్లాకింగ్... ఇవే వీటి పనులు.

తప్పనిసరా?
కాదు. ఫ్యాన్ వేగం, ర్యామ్ వేగం బయోస్‌లోనే మార్చుకోవచ్చు. 3200 ర్యామ్ కొన్నా చాలా బోర్డుల్లో మొదట 2133 లేదా 2400 వేగంతోనే నడుస్తుంది. బోర్డు, ప్రాసెసర్ సపోర్ట్ చేస్తే బయోస్‌లో ఎక్స్‌ఎంపీ ఆన్ చేస్తే చాలు, పూర్తి వేగం వస్తుంది.

ప్రమాదం ఎక్కడ?
2018లో హ్యాకర్లు ఆసుస్ లైవ్ అప్‌డేట్ ద్వారానే వైరస్ పంపారు. కంపెనీ డిజిటల్ సంతకం ఉండటంతో ఎవరికీ అనుమానం రాలేదు. 2019 మార్చిలో కాస్పర్‌స్కీ సంస్థ దీన్ని బయటపెట్టింది. 2023 మేలో ఎక్లిప్సియం అనే భద్రతా సంస్థ గిగాబైట్ బోర్డుల్లో ఇంకో లోపం చూపింది. అప్‌డేట్ ప్రోగ్రాం సరైన రక్షణ లేకుండా ఫైళ్లు దించుకుంటోందని, 270కి పైగా మోడళ్లలో ఈ సమస్య ఉందని చెప్పింది. తర్వాత గిగాబైట్ కొత్త బయోస్ ఇచ్చి సరిచేసింది.

బయోస్ అప్‌డేట్ ఎలా?
కంప్యూటర్ బాగా నడుస్తుంటే ఊరికే చేయకండి. భద్రతా లోపం ఉన్నప్పుడు, కొత్త ప్రాసెసర్ వేసినప్పుడు, కంపెనీ చెప్పిన సమస్య మీకూ ఉన్నప్పుడే చేయండి.

1. బోర్డు మీద రాసిన మోడల్, రివిజన్ నంబర్ చూసుకోండి. ఒక్క అక్షరం తేడా ఉన్నా ఆ ఫైల్ వద్దు.
2. కంపెనీ సొంత వెబ్‌సైట్ నుంచే ఫైల్ తీసుకుని ఎఫ్ఏటీ32 పెన్‌డ్రైవ్‌లో వేయండి.
3. బిట్‌లాకర్ ఉంటే రికవరీ కీ రాసిపెట్టుకుని, దాన్ని తాత్కాలికంగా ఆపండి.
4. విండోస్‌లోంచి కాకుండా బయోస్‌లోంచే చేయండి: ఆసుస్‌లో ఈజెడ్ ఫ్లాష్, గిగాబైట్‌లో క్యూ-ఫ్లాష్, ఎంఎస్ఐలో ఎం-ఫ్లాష్, ఏఎస్‌రాక్‌లో ఇన్‌స్టంట్ ఫ్లాష్.

మన దగ్గర అసలు భయం కరెంటుతోనే. మధ్యలో కరెంటు పోతే బోర్డు పనికిరాకుండా పోవచ్చు. యూపీఎస్ లేకుండా మొదలుపెట్టవద్దు. గాలివాన రోజు అసలే వద్దు. కొన్ని బోర్డుల వెనుక బయోస్ ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉంటుంది. అది ఉంటే చెడిన బయోస్‌ను పెన్‌డ్రైవ్‌తో మళ్లీ ఎక్కించవచ్చు. కొత్త బోర్డు కొనేటప్పుడు షాపులో ఆ బటన్ ఉందా అని అడిగి తీసుకోండి.