విద్యార్థి వ్యవహారాల వృత్తి శిక్షణ (అమెరికా)
అమెరికా కళాశాలల్లో హాస్టళ్లు, సలహా కేంద్రాలు, విద్యార్థి సంఘాలు, క్రమశిక్షణ వంటి తరగతి గది వెలుపలి వ్యవహారాలు చూసే ఉద్యోగులను తీర్చిదిద్దే పీజీ చదువు. సాధారణంగా రెండేళ్ల మాస్టర్స్ డిగ్రీ. విద్యార్థిని మార్కులతోనే కాక మొత్తం మనిషిగా చూడాలన్న అమెరికన్ కౌన్సిల్ ఆన్ ఎడ్యుకేషన్ నివేదిక (1937) ఈ రంగానికి పునాది. ఆర్థర్ చికరింగ్ 1969లో ప్రతిపాదించిన ఏడు వికాస దిశలను నేటికీ పాఠంగా చెబుతారు. అయితే చేతికి పని వచ్చేది అసిస్టెంట్‌షిప్‌లోనే, అంటే చదువుతూనే కళాశాలలో చేసే ఉద్యోగంలోనే. చాలామంది హాస్టల్లోనే ఉంటూ, అర్ధరాత్రి తలుపు తట్టిన కుర్రాడి దిగులు వినడం, రూమ్మేట్ల తగవు తీర్చడం, ఎవరిని మానసిక వైద్యుల దగ్గరికి పంపాలో గుర్తించడం నేర్చుకుంటారు. ఇంత సున్నితమైన పనికి పుస్తకజ్ఞానం ఒక్కటే చాలదు. వృత్తికి అవసరమైన 10 సామర్థ్య రంగాలను ఈ రంగపు వృత్తి సంఘాలైన ఏసీపీఏ, నాస్పా 2015లో సవరించాయి.