ఒకటో తరగతి గదిలో రెండు వందల ఏళ్లు

బడి జూబిలీ సంచిక ఏది తిరగేసినా ముందు మంత్రిగారి సందేశం, తర్వాత ఎమ్మెల్యేగారి సందేశం, ఆ వెనక ప్రధానోపాధ్యాయుల ఫొటోలు, స్థలదాతల పేర్లు వరసగా ఉంటాయి. టెన్త్‌లో మార్కులు తెచ్చుకున్నవాళ్లు, అమెరికాలో స్థిరపడ్డవాళ్లు ఎలాగూ తప్పరు. ఒకటో తరగతి గది మాత్రం ఎక్కడా కనిపించదు. అక్కడ ఎవరికీ ర్యాంకు రాలేదు మరి! ఆ గదికి చెప్పుకోదగ్గ చరిత్ర ఉంటుందని కూడా చాలామంది అనుకోరు. కానీ తెలుగునాట చిన్నపిల్లల తరగతి ఎలా నడిచేదో చెప్పే కాగితం ఒకటుంది. దాని వయసు రెండు వందల ఏళ్లు దాటింది.

1822 జూన్‌లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో జిల్లా కలెక్టర్లందరినీ ఒక లెక్క అడిగాడు. మీ జిల్లాలో బడులెన్ని, చదివే పిల్లలెందరు, వాళ్లు ఏ కులాలవాళ్లు? చాలామంది అంకెల పట్టిక నింపి పంపి, పని అయిందనిపించారు. బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంబెల్ మాత్రం 1823 ఆగస్టులో పంపిన నివేదికలో బడి లోపల ఏం జరుగుతోందో కూడా రాశాడు. ఆయనకు తెలుగు వచ్చు, 1816లో తెలుగు వ్యాకరణం ప్రకటించినవాడు. ఇప్పటి అనంతపురం ప్రాంతమంతా అప్పుడు బళ్లారి జిల్లాలోనే ఉండేది, 1882లో గానీ విడిపోలేదు. జిల్లా జనాభా తొమ్మిది లక్షల పైచిలుకు. బడులు 533, చదివే పిల్లలు 6,641 మంది. కన్నడ బడులు 235 ఉంటే తెలుగు బడులు 226. మిగిలినవి మరాఠీ, పారసీ, సంస్కృతం, తమిళం నేర్పేవి, ఒక్కటంటే ఒక్కటి ఇంగ్లీషు బడి. అంతమందిలో ఆడపిల్లలు 60.

అంకెలు అలా ఉంచి గదిలోకి వెళ్దాం. బడి పొద్దున్నే ఆరింటికి మొదలయ్యేది. అందరికంటే ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారు, అది గౌరవం. రెండోవాడి చేతిలో సున్నా, అంటే మెప్పూ లేదు, తిట్టూ లేదు. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆ తర్వాత వచ్చినవాడికల్లా ఒక్కొక్కటి పెరిగేది. ముప్ఫై మంది ఉన్న బడిలో చివరివాడి గతి ఏమిటో క్యాంబెల్ లెక్క కట్టలేదు. సోమరిపోతులకు వేరే శిక్షలు ఉండేవి. గుంజీళ్లు తీయించడం, రెండు చేతులూ కట్టి పైకప్పు నుంచి వేలాడదీయడం. మన పెద్దవాళ్లు కోదండం అని భయంభయంగా చెప్పుకున్నది ఈ రెండోదాన్నే.

చేరే రోజు తంతు మాత్రం ముచ్చటైనది. పిల్లవాడికి అయిదేళ్లు రాగానే అయ్యవారినీ బడిపిల్లలనూ ఇంటికి పిలిచేవారు. అందరూ వినాయకుడి ప్రతిమ చుట్టూ కూర్చుంటే, అయ్యవారు కొత్త పిల్లవాడి వేలు పట్టుకుని బియ్యంలో దేవుడి పేరు దిద్దించేవాడు. తర్వాత బడిలో వేలితో ఇసుక మీద అక్షరాలు. చెయ్యి తిరిగాక పలక. అది ఇప్పటి రాతి పలక కాదు, అడుగు వెడల్పు, మూడడుగుల పొడవు ఉన్న చెక్క. నున్నగా చిత్రిక పట్టి బియ్యపు గంజి, బొగ్గుపొడి పూస్తే పలక తయారు. గుడ్డను గంజిలో ముంచి బిరుసెక్కించి, పుస్తకంలా మడతలు పెట్టి, బొగ్గు, జిగురు కలిపి పూసింది కడితం. రెండింటి మీదా తెల్లని బలపంతో రాసి, తడిగుడ్డతో తుడిచి మళ్లీ రాసుకోవచ్చు. ఖర్చు దాదాపు లేనట్టే.

క్యాంబెల్‌కు అన్నింటికంటే నచ్చింది ఇంకొకటి. బడిలో పై స్థాయి పిల్లలకే అయ్యవారు స్వయంగా చెప్పేవాడు. కిందివాళ్లకు పై పిల్లలు చెప్పేవారు. చెప్పించుకున్నవాడికి పాఠం వచ్చేది, చెప్పినవాడికి అంతకుముందు వచ్చింది గట్టిపడేది. ఇంగ్లండు ఈ పద్ధతిని అనుకరించడం సమంజసమేనని ఆయన మెచ్చుకున్నాడు. ఆ అనుకరణ వెనక ఉన్నది మద్రాసు ఎగ్మూరు కథ. 1789 నుంచి అక్కడి మగపిల్లల అనాథాశ్రమాన్ని చూసుకున్న ఆండ్రూ బెల్ ఒకరోజు దారిలో ఒక దేశవాళీ బడిపిల్లలు ఇసుకలో అక్షరాలు దిద్దుకోవడం చూశాడు. తన ఆశ్రమంలోనూ అలా నేర్పమంటే ఉపాధ్యాయులకు ఇష్టం లేకపోయింది. దాంతో ఎనిమిదేళ్ల కుర్రవాడి చేత చిన్నవాళ్లకు అక్షరాలు చెప్పించాడు. 1797లో ఆ అనుభవాన్ని లండన్‌లో పుస్తకంగా వేస్తే అది మద్రాసు పద్ధతిగా పేరుకెక్కింది. బెల్ సొంతూరు, స్కాట్లాండులోని సెయింట్ ఆండ్రూస్‌లో మద్రాస్ కాలేజీ పేరుతో ఇప్పటికీ ఒక హైస్కూలు నడుస్తోంది. మన వీధిబడి అయ్యవార్లకు మాత్రం పేటెంటూ దక్కలేదు, పేరూ దక్కలేదు.

మెచ్చుకున్న చేత్తోనే క్యాంబెల్ ఒక తప్పూ పట్టాడు. పిల్లలు రామాయణ, భారత, భాగవతాల పద్యాలు గడగడా అప్పజెబుతారు, అర్థం మాత్రం చిలకకు ఎంత తెలుసో వీళ్లకూ అంతేనన్నాడు. ఇంకో మాట కూడా రాశాడు. జనం చేతిలో డబ్బు ఆడక, ఒకప్పుడు బడులున్న ఎన్నో ఊళ్లలో ఇప్పుడు బడే లేదన్నాడు. కుంఫిణీ కలెక్టరే కుంఫిణీకి ఆ మాట రాసి పంపడం విశేషం.

పందొమ్మిదో శతాబ్ది నడుస్తున్నకొద్దీ గది మారింది. 1832లో పుదూరి సీతారామశాస్త్రి బాలశిక్ష వచ్చింది. తాటాకు పోయి అచ్చు పుస్తకం చేతికొచ్చింది. ఇన్‌స్పెక్టరు వచ్చాడు, ఆయన పెట్టే పరీక్షలో ఫలితాలను బట్టి గ్రాంటు వచ్చింది. పిల్లలను ఒకటి, రెండు, మూడు అని తరగతులుగా విడదీయడం, ఏ తరగతికి ఏ పాఠమో పైనుంచి నిర్ణయించడం స్థిరపడ్డాయి. ఒకరికొకరు చెప్పుకునే అలవాటు బడి లెక్కల్లోంచి జారిపోయింది. పక్కవాడితో మాట్లాడటం నేరమైంది.

తలుపు కొత్తగా తెరుచుకున్నదీ ఆ కాలంలోనే. కందుకూరి వీరేశలింగం 1874లో ధవళేశ్వరంలో బాలికల పాఠశాల పెట్టారు. అర్థం తెలియని చదువు గురించి క్యాంబెల్ అన్నదానికి గట్టి జవాబు పర్లాకిమిడి వైపు నుంచి వచ్చింది. గిడుగు రామమూర్తి సవర భాష నేర్చుకుని, ఆ భాషలోనే వాచకాలు రాసి సవర పిల్లలకు బడులు నడిపించారు. ఆయనను వాడుక భాషా ఉద్యమనేతగానే తలుచుకుంటాం గానీ, ఇంట్లో మాట్లాడే మాటతో బడి మొదలవ్వాలన్న పట్టుదల ఆయనకు సవర పిల్లల మధ్యనే బలపడి ఉండాలి. ఆ ఆలోచన మళ్లీ ప్రభుత్వ బడిలోకి రావడానికి 2004 దాకా ఆగాల్సి వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సవర, కోయ, గోండి, కొలామి, కువి, కొండ, బంజారా, ఆదివాసీ ఒడియా భాషల్లో వాచకాలు తయారుచేసి ఒకటో తరగతి మొదలుపెట్టారు.

స్వాతంత్ర్యం వచ్చాక ఊరూరా ఎలిమెంటరీ స్కూలు వచ్చింది. చాలాచోట్ల గది ఒకటి, టీచరు ఒకరు, తరగతులు అయిదు. ఏకోపాధ్యాయ పాఠశాల అని దానికి గంభీరమైన పేరు. అక్కడ రోజు ఎలా గడుస్తుందో చదివినవాళ్లకు గుర్తే. హాజరు కాగానే మూడో తరగతికి చూచిరాత, నాలుగు, అయిదు తరగతులకు బోర్డు మీద లెక్కలు. రెండో తరగతి లీడరు ఎక్కాలు చెప్పిస్తుంటే మిగిలినవాళ్లు గొంతు చించుకుంటారు. ఆ హోరులో టీచరు ఒకటో తరగతి దగ్గర కూర్చుంటారు. ఒక పాప ‘ప’ రాయమంటే ‘వ’ రాస్తుంది. టీచరు దిద్ది అటు తిరగగానే మళ్లీ ‘వ’నే రాస్తుంది. అప్పుడు ఎక్కాల గుంపులోంచి అక్క వరసయ్యే పిల్ల జరిగి వచ్చి, “పైన కలపకూడదే, తెరిచి ఉంచాలి” అని పలక లాక్కుని రాసి చూపించి, మళ్లీ ఏడో ఎక్కంలో కలిసిపోతుంది. ఏ పాఠ్య ప్రణాళికలోనూ ఆ అర నిమిషానికి చోటు లేదు. తనిఖీకి వచ్చినాయన చూస్తే క్రమశిక్షణ లేదని రాసిపోతాడు. అక్షరం వచ్చింది మాత్రం ఆ అర నిమిషంలోనే.

ఈ సంగతిని విధానంగా పట్టుకున్నది 1984లో బ్రిటిష్ సాయంతో మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం. టీచర్లు దాన్ని ఏపెప్ అని పిలుచుకున్నారు. ముందు 328 బడుల్లో ప్రయోగం చేశారు. ఆరు సూత్రాలు పెట్టారు. పిల్లలకు పని కల్పించాలి, చేసి తెలుసుకోనివ్వాలి, ఒంటరిగానూ జట్లుగానూ పని చేయించాలి, పిల్లల మధ్య తేడాలు గమనించాలి, ఊళ్లో దొరికేదే పాఠానికి వాడాలి, పిల్లలు చేసింది గదిలో ప్రదర్శించాలి. ఆ తరం టీచర్లకు బాగా గుర్తున్నది చివరి సూత్రం. గదికి అడ్డంగా తాళ్లు కట్టి బొమ్మలు, చార్టులు వేలాడదీశారు. కోదండం తాడు వేలాడిన చోట పిల్లలు గీసిన కాకి, కుందేలు వేలాడటం చిన్న మార్పు కాదు. అయితే కొన్నిచోట్ల తాళ్లే మిగిలాయి, తనిఖీ రోజున కట్టి మర్నాడు విప్పే తాళ్లు. 1987లో వచ్చిన ఆపరేషన్ బ్లాక్‌బోర్డు రెండు గదులు, ఇద్దరు టీచర్లు, వాళ్లలో ఒకరు మహిళ అని లక్ష్యం పెట్టింది. గదులు కొంతవరకు వచ్చాయి. రెండో టీచరు విషయం చెప్పుకోకపోవడమే మేలు.

ఆ ఏళ్లలోనే మదనపల్లె దగ్గర రిషివ్యాలీలో వేరే పని మొదలైంది. జిడ్డు కృష్ణమూర్తి స్థాపించిన ఆ ఆశ్రమ పాఠశాల చుట్టుపక్కల పల్లెల కోసం ఏకోపాధ్యాయ బడులు నడిపింది. పద్మనాభరావు, రమ దంపతులు వాటి కోసం పాఠ్యపుస్తకాన్ని విప్పి చిన్నచిన్న కార్డులుగా మార్చారు. గోడ మీద నిచ్చెన బొమ్మ. ప్రతి మెట్టుకూ ఒక గుర్తు, ఒక అంకె. పిల్ల బడికి రాగానే తాను ఏ మెట్టు మీద ఉందో చూసుకుని, ఆ గుర్తున్న కార్డు తెచ్చుకుని, దానికి తగ్గ జట్టులో కూర్చుంటుంది. ఒక జట్టుకు టీచరు చెబుతారు, ఒక జట్టు పిల్లలు ఒకరికొకరు చెప్పుకుంటారు, ఇంకో జట్టు ఎవరి పని వాళ్లు చేసుకుంటారు. నేల మీద కూర్చుంటే అందే ఎత్తులో గోడ చుట్టూ నల్లబోర్డు ఉంటుంది. వేరుశనగ కాయలు ఒలవడానికి వెళ్లి వారం తర్వాత తిరిగొచ్చిన పిల్ల వెనకబడినట్టు కాదు, తాను ఆపిన మెట్టు దగ్గరే మళ్లీ మొదలుపెడుతుంది. మెట్రిక్ మేళా రోజున పిల్లలే కొట్లు పెట్టి, తూచి, కొలిచి, ఊరివాళ్లకు అమ్ముతారు. ఒక టీచరు అయిదు తరగతులకు చెప్పాల్సి రావడం ఖర్మ అని అందరూ అనుకుంటుంటే, వీళ్లు దాన్నే బడి రూపంగా తీసుకున్నారు. కర్ణాటకలో 1995లో మొదలైన నలి కలికి, 2003లో చెన్నై కార్పొరేషన్ 13 బడుల్లో మొదలై తమిళనాడు అంతా పాకిన కార్డుల పద్ధతికి దారి చూపింది ఈ పల్లె బడులే. అంటే ఇసుకలో అక్షరాలు దిద్దించిన బడి కిటుకు మరోసారి ప్రయాణం కట్టింది.

బడికే రాని పిల్లల సంగతి శాంతా సిన్హా తలకెత్తుకున్నారు. 1991 నుంచి రంగారెడ్డి జిల్లాలో ఎం.వి. ఫౌండేషన్ శిబిరాలు పెట్టి, పొలాల్లోంచి, పశువుల దగ్గర నుంచి వచ్చిన పిల్లలను కొద్ది నెలల్లో తయారుచేసి వాళ్ల ఈడు పిల్లల తరగతిలోనే కూర్చోబెట్టింది. పదేళ్ల పిల్లవాణ్ని ఒకటో తరగతిలో కూర్చోబెడితే సిగ్గుతో మళ్లీ రాడన్నది వాళ్లు గ్రహించిన సంగతి. 2003 జనవరి నుంచి ఉమ్మడి రాష్ట్రంలో బడిలోనే వండి పెట్టే భోజనం వచ్చింది. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం పిల్లల్ని కొట్టడాన్ని నిషేధించింది. అరవై మంది లోపు ఉన్న బడికి కూడా ఇద్దరు టీచర్లు ఉండాలంది.

ఇప్పుడు ఒకటో తరగతి పిల్ల చేతిలో పుస్తకం రెండు భాషల్లో ఉంది, ఒక పుట తెలుగు, ఎదుటి పుట ఇంగ్లీషు. తెలంగాణలో 2022లో మొదలైన తొలిమెట్టు పిల్లలకు చదవడం, కూడటం ఎంతవరకు వచ్చో చూసి ఆ స్థాయికి తగ్గట్టు చెప్పమంటోంది. పేరు మారినా సంగతి పాతదే. ఒక గదిలో కూర్చున్నవాళ్లంతా ఒకే మెట్టు మీద ఎన్నడూ లేరు. అది ఒప్పుకున్న బడిలో వెనక వరస పిల్లకు కూడా చదవడం వచ్చింది. ఒప్పుకోని బడిలో ఆ పిల్ల అయిదో తరగతి దాకా హాజరు పట్టీలో మాత్రమే ఉంది. పిల్ల ఇంట్లో ఎన్నడూ వినని ఇంగ్లీషు పుటను గడగడా అప్పజెబితే మురిసిపోయే తల్లిదండ్రులు, టీచర్లు క్యాంబెల్ పట్టిన తప్పును ఒకసారి గుర్తు చేసుకోవాలి.

జూబిలీకి సిద్ధమవుతున్న పూర్వ విద్యార్థులకు ఒక విన్నపం. మీ బడి బీరువాలో పాత అడ్మిషన్ రిజిస్టర్లు ఉంటాయి. చెదలు పట్టకముందే వాటిని ఫొటోలు తీసి ఉంచండి. మీ ఊళ్లో మొదట బడికెళ్లిన ఆడపిల్ల ఎవరో, ఏ ఏడాది ఏ కులం పిల్లలు తొలిసారి గడప దాటారో అందులోనే ఉంటుంది. పుట్టినతేదీలు మాత్రం నమ్మకండి, చేర్చుకోవడానికి వీలుగా హెడ్మాస్టరుగారు వేసినవి చాలా ఉంటాయి. విరాళాల సొమ్ముతో ముఖద్వారం కట్టాలన్న తీర్మానం ఇప్పటికే అయిపోయి ఉండవచ్చు. అందులో కొంత మిగిల్చి ఒకటో తరగతి గదిలో నేల నుంచి రెండడుగుల ఎత్తులో గోడ పొడుగునా నల్లబోర్డు వేయించండి, వంద కథల పుస్తకాలు పిల్లల చేతికందే అరలో పెట్టించండి. రెండో టీచరు పోస్టు ఖాళీగా ఉంటే, సందేశం పంపిన ఎమ్మెల్యేగారికి ఆ సంగతి సభలోనే, మైకులోనే చెప్పండి.