మా తాత పేరు ఐత

పాత పేర్లు మోటుగా ఉన్నాయి, పిల్లలకు పెట్టొద్దు అని మొన్న మన గ్రూపులో ఒక తమ్ముడు రాశాడు. అందుకే ఈ పోస్టు.

మాది భద్రాచలం ఏజెన్సీలో కోయ గూడెం. మా తాత పేరు ఐత. నాన్నను బడిలో వేసినప్పుడు "ఐత ఏం పేరు?" అని, తండ్రి పేరు దగ్గర ఆదినారాయణ అని రాశారట. ఎవరన్నా అడిగితే నేనూ ఇంటర్ దాకా అదే చెప్పాను. ఐత అంటే ఏమిటని ఇంట్లో ఎప్పుడూ అడగలేదు.

ఉస్మానియాకు వచ్చాక ఒక శనివారం తార్నాకలో కూర కొనడానికి పోయాను. అమ్మే పెద్దమ్మ, "రేపు ఐతారం బిడ్డా, దుకాణం తియ్య" అన్నది. అక్కడే ఆగిపోయాను. ఐతారం అంటే ఆదివారం. హాస్టల్‌కు వచ్చి ఉట్నూరు గోండు మిత్రుణ్ణి అడిగితే, వాళ్ల వైపు మరాఠీలో ఐత్‌వార్ అంటారన్నాడు. హిందీలో ఇత్‌వార్. అన్నిటికీ మూలం ఆదిత్యవారం, అంటే సూర్యుడి రోజు. ఇంటికి ఫోన్ చేస్తే నానమ్మ నవ్వింది. "ఐతారం పుట్టిండు, ఐత అన్నరు. ఇది గూడ తెల్వదా?"

ఆదినారాయణలో ఆది అంటే మొదటి అని. ఐతలో ఉన్నది సూర్యుడు. బడిలో రాసినవాళ్లు ఒక పేరు తీసి దానికి సంబంధం లేని ఇంకో పేరు పెట్టారన్నమాట.

మన గూడేల్లో సోమ, మంగ్లు, బుద్ర, సుక్ర, ఆడపిల్లలకు మంగ్లి, బుద్రి, సుక్రి అన్నీ ఇలా వచ్చినవే. బస్తర్, ఒడిశా ఆదివాసుల్లోనూ ఇవే పేర్లు వినిపిస్తాయి. తారీఖులు రాసుకోకపోయినా వారాలు మనకు బాగా తెలుసు. ఏ రోజు ఏ ఊళ్లో సంత అన్నది లెక్క తప్పేది కాదు.

ఇది మోటు అనుకునేవాళ్లకు ఒక మాట. ఆఫ్రికాలో ఘనా దేశపు అకాన్ ప్రజలు కూడా పుట్టిన వారాన్ని బట్టే పేరు పెడతారు. ఆదివారం పుట్టినవాడు క్వాసీ, శుక్రవారం పుట్టినవాడు కోఫీ, శనివారం పుట్టినవాడు క్వామే. 1957లో ఘనాకు స్వాతంత్ర్యం తెచ్చిన నాయకుడు క్వామే ఎన్‌క్రుమా. 1997 నుంచి 2006 దాకా ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శిగా ఉన్న కోఫీ అన్నన్ 1938 ఏప్రిల్ 8న పుట్టాడు. ఆ రోజు శుక్రవారమే. ఆయన ఆ పేరు మార్చుకోలేదు.

జనన మరణాల నమోదు చట్టం వచ్చింది 1969లో. మా తాత అంతకు చాలా ముందు పుట్టాడు. ఆధార్‌లో ఆయన పుట్టిన తేదీ జనవరి 1 అని ఉండేది. మన పెద్దోళ్లలో చాలామందికి అదే తేదీ, మీ ఇళ్లల్లో కూడా చూడండి. ఆ తేదీ ఎవరో అందాజుగా వేసింది. ఆయన పుట్టుక గురించి నిజం చెప్పేది ఆ పేరు ఒక్కటే. బడిలో కొట్టేసింది దాన్నే.

తమ్ముడూ, నీ పిల్లలకు ఏ పేరన్నా పెట్టుకో, తప్పు లేదు. కానీ మీ తాత, ముత్తాతల అసలు పేర్లు ముందు ఒక నోట్‌బుక్‌లో రాసిపెట్టు. వాటి అర్థం మీ నానమ్మను అడుగు. ఆమె ఉన్నప్పుడే అడుగు.

నన్ను ఇప్పుడు ఎవరన్నా అడిగితే, మా తాత పేరు ఐత అనే చెప్తున్నా. మీ ఇంటి పాత పేర్లు కింద రాయండి.