ఇంటి వైఫైకి జల్లెడ ఎంత సన్నగా ఉండాలి?

ఫోన్ గానీ టీవీ గానీ ఏ సైటు తెరవాలన్నా ముందు ఆ పేరుకు ఐపీ అడ్రసు ఏమిటని అడుగుతుంది. ఆ జవాబు చెప్పేది డీఎన్ఎస్. చెడ్డ సైటు పేరు అడిగితే అడ్రసు ఇవ్వకపోవడమే డీఎన్ఎస్ ఫిల్టరింగ్. రౌటర్‌లో ఒక్కసారి మారిస్తే ఇంట్లో వైఫై వాడే దాదాపు అన్నిటికీ వర్తిస్తుంది. అందుకే పిల్లలూ, ఇండియా నుంచి వచ్చే పెద్దవాళ్లూ ఉండే మనలాంటి ఇళ్లకు ఇది మంచి కాపలా.

నేను మొదట అతిగా పోయాను. రాస్ప్‌బెర్రీ పై మీద పై-హోల్ పెట్టి, దొరికిన బ్లాక్ లిస్టులన్నీ ఎక్కించాను. ప్రకటనలు పోయాయి. వాటితోపాటు బాబు హోంవర్కు వీడియోలు, షాపుల ఈమెయిళ్లలోని లింకులూ పోయాయి. రోజూ "నెట్ రావట్లేదు" అని గొడవే. విసిగిపోయి మావారు నాకు చెప్పకుండా రౌటర్‌లో పాత సెట్టింగు పెట్టేశారు. మూడు వారాల తర్వాత, పార్సిల్ పేరుతో వచ్చిన మెసేజీ నొక్కి అత్తయ్యగారు కార్డు నంబరు కొడుతుంటే చూసి ఆపాను. ఫిల్టర్ లేదని అప్పుడే తెలిసింది. ఉంటే ఆ పేజీ తప్పక ఆగేదని అనలేను. ఆగే అవకాశమైనా ఉండేది.

ఇంట్లోవాళ్లు భరించలేని ఫిల్టర్ ఎక్కువ రోజులు నిలవదు. అందుకే ఇప్పుడు ఇలా చేస్తున్నాం.

పునాది: మోసపు సైట్లను, మాల్వేర్‌ను మాత్రమే ఆపాలంటే క్వాడ్‌నైన్ 9.9.9.9 చాలు. అశ్లీల సైట్లు కూడా ఆగాలంటే క్లౌడ్‌ఫ్లేర్ 1.1.1.3. ఈ రెండూ ఉచితమే.

రెండో గడి: రౌటర్‌లో రెండో డీఎన్ఎస్ గడిలో 8.8.8.8 లాంటి ఫిల్టర్ లేనిది పెట్టకండి. రౌటర్ ఆ దారిన కూడా వెళ్లగలదు. 9.9.9.9కు జోడీ 149.112.112.112, 1.1.1.3కు జోడీ 1.0.0.3. ఐపీవీ6 ఆన్‌లో ఉంటే అక్కడా ఫిల్టర్ ఉన్న అడ్రసులే ఇవ్వాలి.

లిస్టులు: పై-హోల్ వాడితే ఒక లిస్టుతో మొదలుపెట్టి, వారం చూశాక ఇంకొకటి కలపండి. ఏదైనా తెరుచుకోకపోతే క్వెరీ లాగ్‌లో ఏ పేరు ఆగిందో కనిపిస్తుంది. నమ్మకమైనదైతే దాన్నొక్కదాన్నే అనుమతించండి.

మనుషులను బట్టి: పై-హోల్ గ్రూపులతో పిల్లల ట్యాబ్‌కు గట్టిగా, ఆఫీసు ల్యాప్‌టాప్‌కు వదులుగా పెట్టుకోవచ్చు. ఐదు నిమిషాలు ఆపే బటన్ ఎక్కడుందో మావారికి చూపించాను. మళ్లీ రౌటర్ జోలికి పోలేదు.

హద్దులు: మొబైల్ డేటా, వీపీఎన్, బ్రౌజర్‌లోని సెక్యూర్ డీఎన్ఎస్ ఈ ఫిల్టర్‌ను దాటిపోతాయి. డీఎన్ఎస్‌కు తెలిసేది సైటు పేరే కాబట్టి యూట్యూబ్‌లో ఒక్క చెడ్డ వీడియోను అది ఆపలేదు.

అందుకే అత్తయ్యగారికి ఒక్క మాట చెప్పి ఉంచాను: "డబ్బు అడిగే మెసేజీ ఏదొచ్చినా ముందు నాకు చూపించండి."