బాకా ముందు వాచికాభ్యాసం: తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతంలో ఉచ్చారణశిక్షణ, ధ్వనియంత్రాలు

యంత్రసాయంతో మాట నేర్చుకోవడమనే పద్ధతిని హైదరాబాదులో 1958లో కేంద్రీయ ఆంగ్లసంస్థ ఏర్పడిన తరువాతి కాలంతో ముడిపెట్టి చూడడం పరిపాటి. గాజు పలకల మధ్య చెవులకు శ్రవణయంత్రాలు తగిలించుకొని కూర్చున్న విద్యార్థులే భాషాప్రయోగశాలకు గుర్తుగా నిలిచారు. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతపు నాటకరంగాన్ని ఆ దృష్టితో పరిశీలిస్తే ఈ కాలనిర్ణయాన్ని కనీసం మూడు దశాబ్దాలు వెనక్కు జరపవలసి ఉంటుంది. అక్కడ నేర్చుకున్నది ఆంగ్లం కాదు, తెలుగే. నేర్చుకున్నవారు పరభాషీయులు కారు, తెలుగువారే.

గ్రామఫోను కంపెనీ పక్షాన ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాలో తొలి ధ్వనిముద్రణలు చేసినది 1902లో. స్థానం నరసింహారావు బాపట్లలో జన్మించినదీ ఆ సంవత్సరమే. ఈ రెంటికీ కార్యకారణసంబంధం లేదు. అయితే ఆ బాలుడు పెరిగి తెనాలి శ్రీరామవిలాససభ రంగస్థలం మీద సత్యభామగా ప్రసిద్ధి పొందేనాటికి, ఆ యంత్రం తెలుగు పద్యాన్ని ఇంటింటికీ చేర్చే స్థితికి వచ్చింది. మైకు లేని రంగస్థలం మీద నటుడి గొంతు చివరి వరుస దాకా వినబడాలి, అక్షరం చెదరకూడదు. స్త్రీపాత్ర ధరించే పురుషుడికి ఈ శ్రమ రెట్టింపు. పైగా స్థానం వారు ధరించిన పాత్రలలో శ్రీకృష్ణతులాభారంలోని సత్యభామతోపాటు కన్యాశుల్కంలోని మధురవాణి కూడా ఉన్నది. ఒకే నాలుక ఒకనాడు పద్యనాటకపు గ్రాంథికాన్ని, మరొకనాడు గురజాడ వ్యావహారికాన్ని పలకాలి. ఈ నేర్పు ఒద్దికలలో, గురువు ఎదుట, హార్మోనియం పక్కన అలవడినదే.

గ్రామఫోను ఈ గురుశిష్యుల మధ్యకు మూడవదిగా ప్రవేశించింది. కపిలవాయి రామనాథశాస్త్రి, అద్దంకి శ్రీరామమూర్తి వంటి నటగాయకుల పద్యాల ప్లేట్లు 1930ల నాటికి ఆంధ్రదేశమంతటా వ్యాపించాయి. కీ ఇచ్చి, సూది దించి, పద్యం విని, ప్లేటు ఆపి, విన్నంతవరకు అనడం, తప్పితే సూదిని మళ్ళీ అంచుకు జరపడం అభ్యాసక్రమం. విని, ఆగి, తిరిగి అనడమనే ఈ మూడంచెల పద్ధతినే తరువాతి కాలపు భాషాప్రయోగశాల శాస్త్రీయబోధనగా స్వీకరించింది. లండనులో 1901లో స్థాపితమైన లింగ్వాఫోన్ సంస్థ విదేశీభాషల పాఠాలకు ధ్వనిముద్రణలను వాడింది కాని, తెలుగు పద్యాల ప్లేట్లను ఎవరూ పాఠాలుగా తయారుచేయలేదు. వినోదం కోసం అమ్మిన సరుకును కొన్నవారే పాఠ్యపుస్తకంగా మార్చుకున్నారు.

ఈ పాఠ్యపుస్తకానికి రెండు లోపాలున్నాయి. సంగీతచరిత్రకారులు వీటిని సాంకేతికవిషయాలుగా దాటవేస్తారు గాని, భాషాచరిత్రకు ఇవే ముఖ్యం.

మొదటిది నిడివి. నిమిషానికి 78 చుట్లు తిరిగే పదంగుళాల ప్లేటు ఒక పక్కన పట్టేది సుమారు మూడు నిమిషాలు. రాగాలాపనతో ఒకటి రెండు పద్యాలకే అది చాలదు. అందువల్ల విడి ప్లేట్లలో పద్యానిదే పైచేయి అయింది, వచనసంభాషణకు చోటు దొరకలేదు. పాఠశాలల పర్యవేక్షకుడు జె.ఎ.యేట్స్ ప్రత్యక్షపద్ధతిలో భాష నేర్పాలన్నప్పుడు ఏ తెలుగు నేర్పాలన్న ప్రశ్న పుట్టింది. అక్కడినుండి గిడుగు రామమూర్తి వ్యావహారికోద్యమం సాగింది. సరిగ్గా ఆ వివాదకాలంలోనే వచ్చిన యంత్రం గ్రాంథికపక్షాన నిలిచింది. సిద్ధాంతం వల్ల కాదు, మూడు నిమిషాల పరిమితి వల్ల. సత్యభామ పద్యాన్ని ప్లేటు ముందు సాధన చేయవచ్చు. మధురవాణి మాట నేర్చుకోవాలంటే మాత్రం తెనాలికి వెళ్ళి నాటకం చూడవలసిందే.

రెండవది శ్రుతిపరిధి. 1925కు పూర్వం బాకా ముందు పాడి చేసిన ముద్రణలలో సుమారు 2500 హెర్ట్జ్‌లకు పైనున్న ధ్వని నిలిచేది కాదు. విద్యుత్ముద్రణ వచ్చిన తరువాత ఈ పరిధి పెరిగినా, సకారానికి ప్రాణమైన 4000 హెర్ట్జ్‌ల పైభాగం సూది గీరుడులోనే కలిసిపోయేది. అంటే శ, ష, స భేదాన్ని ప్లేటు సరిగా వినిపించలేదు. విద్యార్థి నోట ఎక్కువగా తడబడేవి ఈ ఊష్మాలే కావడం గమనార్హం. నిత్యవ్యవహారంలో చాలామంది నోట శకారం సకారమవుతుంది, ఒత్తక్షరం తేలిపోతుంది. యంత్రం రాగాన్ని, దీర్ఘాన్ని, యతిస్థానంలోని విరుపును చక్కగా నేర్పింది. శకారాన్ని మాత్రం గురువుకే వదిలిపెట్టింది. గ్రామఫోను వచ్చినా నాటకసమాజాలలో ఉచ్చారణ దిద్దే పెద్దల అవసరం తగ్గకపోవడానికి ఇది ఒక కారణం కావచ్చు.

1948 డిసెంబరు 1న ఆకాశవాణి విజయవాడ కేంద్రం ఆరంభమయింది. మొదటి లోపం చాలావరకు తీరింది. నాటకం, ప్రసంగం, వార్త అన్నీ వచనమే. తెనాలి సమీపంలోని మోరంపూడి నుండి వచ్చిన కొంగర జగ్గయ్య ఢిల్లీ ఆకాశవాణిలో తెలుగు వార్తలు చదివారు. నాటకం తీర్చిదిద్దిన కంఠం వార్తావచనానికి ప్రమాణమైంది. కృష్ణాగుంటూరు మండలాల విద్యావంతుల భాష శిష్టవ్యావహారికంగా స్థిరపడడంలో పత్రికల పాత్ర గురించి చర్చ జరిగింది. దాని ఉచ్చారణరూపం స్థిరపడడంలో రేడియో పాత్రకు అంతటి పరిశీలన దక్కలేదు. అయితే రేడియో ఆగదు. విన్నది తిరిగి వినాలంటే వీలులేదు. అభ్యాసయంత్రంగా అది గ్రామఫోను కంటే ఒక మెట్టు కిందిదే.

టేపురికార్డరుతో పరిస్థితి మారింది. అంతవరకు యంత్రం మాట్లాడింది, విద్యార్థి విన్నాడు. ఇప్పుడు విద్యార్థి మాట విద్యార్థికే వినబడింది. లీ లిస్కర్ అమెరికన్ విద్యార్థుల కోసం వ్యావహారికాన్ని ఆధారం చేసుకొని రాసిన వాడుకతెలుగు పాఠ్యగ్రంథం 1963లో వెలువడింది. 1969లో మైసూరులో భారతీయభాషల కేంద్రసంస్థ ఏర్పడి, దాని దక్షిణప్రాంతీయ కేంద్రంలో ఇతరరాష్ట్రాల ఉపాధ్యాయులు తెలుగు నేర్చుకున్నారు. పరాయివారికి తెలుగు నేర్పడానికి ఇన్ని సదుపాయాలు ఏర్పడుతున్నప్పుడు తెలుగు విద్యార్థి ఉచ్చారణకు ఏ ఏర్పాటూ లేకపోవడం విచిత్రమే. తెలుగు ఎం.ఏ. విద్యార్థికి ధ్వనిశాస్త్రం పరీక్షాపత్రంగా ఉంది గాని నోటిపనిగా లేదు. పల్లెల్లో మాత్రం చింతామణి, హరిశ్చంద్ర నాటకాల క్యాసెట్లతో పాతపద్ధతి కొనసాగింది.

ప్రస్తుతదశ వాక్‌గుర్తింపుది. గూగుల్ పఠనసహాయక అనువర్తనం రీడ్ అలాంగ్ తెలుగుకూ వచ్చింది. పిల్లవాడు చదివితే యంత్రం విని, తప్పిన చోట సరిదిద్దుతుంది. ప్లేటు చేయలేని పని ఇది. కాని వాక్‌గుర్తింపు సాధారణంగా ఉచ్చారణదోషాన్ని దాటి మాటను గ్రహించేందుకు రూపొందినది. ‘బాష’ అన్నా సందర్భాన్ని బట్టి ‘భాష’ అని రాయగలదు. గురువు ఆపేచోట అది క్షమించి ముందుకు సాగే అవకాశం ఉంది. దీనికి విరుద్ధమైన ప్రమాదమూ ఉంది. శిక్షణకు వాడిన కంఠాలలో లేని యాసను అది దోషంగా లెక్కించవచ్చు.

ఈ రెండవ ప్రమాదం ఈ ప్రాంతానికి వర్తించదనిపించవచ్చు, ప్రమాణభాషకు పుట్టినిల్లు కనుక. అయితే ప్రమాణంగా నిలిచినది తెనాలి విద్యావంతుల పలుకే తప్ప, రేపల్లెకు దిగువన నిజాంపట్నం తీరంలోని మత్స్యకారుల పలుకు కాదు. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్వ్యవస్థీకరణతో రేపల్లె, నిజాంపట్నం బాపట్ల జిల్లాలో చేరాయి, తెనాలి గుంటూరులోనే మిగిలింది. వాక్‌సంచయాల కోసం జిల్లాలవారీగా కంఠాలు సేకరించేటప్పుడు బాపట్ల పేరున ఎవరి గొంతు నమోదవుతుందన్నది, పట్టణ కళాశాల విద్యార్థిదా, వలలు అల్లే స్త్రీదా అన్నది, సేకరణ మొదలయ్యే ముందే తేల్చుకోవలసిన విషయం.